మాదాకవళం తల్లీ!

మధ్యాహ్నం మగవాళ్ల భోజనాలయ్యి, ఆడవాళ్లు విస్తళ్ల ముందు కూర్చోబోయే వేళకు మా వీధిలో ఒక కేక వినిపించేది. "మాదాకవళం తల్లీ!" అని. 'మాదా' దగ్గర గొంతు సాగేది, 'కవళం' దగ్గర టక్కున తెగేది, 'తల్లీ' దగ్గర మళ్లీ సాగి వీధి చివరిదాకా పోయేది. అమలాపురానికి కొద్ది దూరంలో, కాలువ గట్టు మీద ఉన్న ఊరు మాది. నేను చెబుతున్నది 1960ల చివర, 70ల మొదటి సంగతి. ఆ కేకకు ఒక అర్థం ఉంటుందన్న ఊహ అప్పట్లో పిల్లలమైన మాకు లేదు. "నాన్నమ్మా, మాదాకవళం వచ్చింది" అని లోపలికి కబురు మోసేవాళ్లం, అంతే.

అర్థం చెప్పింది నాన్నమ్మే. బడికి వెళ్లి చదువుకోలేదు గాని, పురాణ కాలక్షేపాల్లో కూర్చుని చెవులతో నేర్చుకున్న పాండిత్యం ఆవిడది. "మాతా, కబళం అంటున్నాడురా. అమ్మా, ఒక్క ముద్ద అని" అంది. కబళం అంటే ఒకసారి నోట్లో పట్టే ముద్ద. మాతా కబళం అన్నది వీధుల్లో నాని నాని మాదాకబళం అయింది, ఇంకా నాని మాదాకవళం అయింది. తొందరగా పిలిచేవాళ్ల నోట మాదాకోళం అని కూడా వినిపించేది. చివర 'తల్లీ' చేర్చడంతో అమ్మను రెండుసార్లు పిలిచినట్టయింది, సంస్కృతంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఆ పిలుపులో పెట్టమని గాని, ఇవ్వమని గాని లేదు. ఎవరిని అడుగుతున్నాడో, ఎంత అడుగుతున్నాడో, ఆ రెండే ఉన్నాయి. అడిగింది కూడా ఒక్క ముద్ద. ఏ అక్షరమూ నేర్వని మనిషి నోట అంత పొందికైన మాట ఎలా కుదిరిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపడుతూ ఉంటాను.

ఇప్పుడు కబళం అనే మాట విడిగా ఎక్కడా వినిపించడం లేదు. పత్రికల్లో మాత్రం మృత్యువు కబళించింది, వరద పంటను కబళించింది అని రోజూ చదువుతాం. ముద్ద మింగినట్టు మింగేసింది అని దాని అర్థం. ఆకలిగొన్నవాడి చేతిలోని ముద్ద పోయి, మింగే వరదా మింగే చావూ మిగలడం చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది.

నా ఒడుగు నాడు ఈ మాట మళ్లీ నా ముందుకు వచ్చింది. గోచీ కట్టి, చేతికి దండం ఇచ్చి, "భవతి భిక్షాం దేహి" అని అమ్మను అడగమన్నారు పురోహితుడు గారు. ముందు అమ్మను అడగాలి, ఆ తర్వాతే పిన్నులను, అత్తయ్యలను. అమ్మ పళ్లెంలోంచి దోసిలి నిండా బియ్యం తీసి నా జోలెలో పోసింది, కళ్లనీళ్లు పెట్టుకుంటూనే నవ్వింది. పక్కన నాన్నమ్మ, "నువ్వు అడిగిందీ మాదాకవళమేరా" అని నా చెవిలో అంది. భవతి అన్నా మాతా అన్నా ఇంటి ఇల్లాలిని గౌరవంగా పిలవడమే. ఒకటి మంత్రమై పెళ్లంత సందడితో జరుగుతోంది, రెండోది గుమ్మం బయట ఎండలో నిలబడి ఉంది. ఆ రోజు నాకు అంత తెలియలేదు గాని, నాన్నమ్మ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

మా ఇంట్లో 'లేదు' అనే మాట వాడకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాలి, దీపం ఆరిపోతే కొండెక్కింది అనాలి. దేహీ అని వచ్చినవాడికి నాస్తి అనడం అంతకన్నా తప్పు. నిజంగానే పెట్టడానికి ఏమీ లేని రోజు అమ్మ గుమ్మం దాకా వచ్చి, "చెయ్యి ఖాళీ లేదు, వెళ్లిరా నాయనా" అనేది. వెళ్లు అనేది కాదు, వెళ్లిరా అనేది. రేపు మళ్లీ రావచ్చని అందులో అనుమతి ఉంది. కొందరు పెట్టే ఉద్దేశం లేనప్పుడూ అదే మాట అనేవారు. అది విన్నవాడికి తెలిసిపోయేది. అయినా పక్క గుమ్మం దగ్గర మళ్లీ అదే గొంతుతో, అదే సాగతీతతో తల్లీ అని పిలిచేవాడు.

కాశీలో వ్యాసుడికి భిక్ష దొరకని కథ నాన్నమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వ్యాసుడు శిష్యులతో బయలుదేరి ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఇల్లాలు ఇంకా వండుతున్నాం అంది, ఒకావిడ మళ్లీ రమ్మంది, ఇంకొకావిడ ఈ రోజు ఇంట్లో దేవకార్యం ఉంది అంది, మరొక ఇంట తలుపే తీయలేదు. రెండో రోజూ అంతే. ఆకలికి ఒళ్లు తెలియని కోపం వచ్చి, మూడు తరాల దాకా కాశీవాసులకు ధనం, విద్య, మోక్షం లేకుండా పోవాలని శపించబోయాడు. అప్పుడు సాక్షాత్తూ అన్నపూర్ణ పెద్ద ముత్తయిదువ రూపంలో వచ్చి, కోప్పడి, అన్నం పెట్టింది. శివుడు మాత్రం ఊరు విడిచి పొమ్మన్నాడు. కాశీ విడిచిన వ్యాసుడు మా దాక్షారామం చేరాడని మా ప్రాంతం వాళ్లకు గర్వం. తర్వాత శ్రీనాథుడి పద్యాల్లో ఈ కథ చదివి నివ్వెరపోయాను. ఆ ఇల్లాళ్లు చెప్పిన సాకులన్నీ మా వీధిలో నా చెవులతో విన్నవే. పదిహేనో శతాబ్దం నాటి కవి ఆ గుమ్మాల ముందు నిలబడి రాసుకున్నట్టే ఉన్నాయి. ఈ కథ పదో తరగతి తెలుగు వాచకంలో 'భిక్ష' అన్న పేరుతోనే పాఠమైంది. పిల్లలు దాన్ని మార్కుల కోసం చదివినా సరే, చదివారు కదా అని నాకు సంతోషం.

ఇక ముష్టి. ఈ మాట మీద నాకు ప్రత్యేకమైన బాధ ఉంది. ముష్టి అంటే పిడికిలి. అంతకు మించి దానికి మొదట ఏ పాపమూ తెలియదు. ఇంటికి పిడికెడు చొప్పున అడిగేది ముష్టి, అలా అడిగేవాడు ముష్టివాడు. ఒక ఇంటికి బరువు కాకుండా, పది ఇళ్లు తిరిగితే ఒక పూట గడిచేలా ఎంత అడగాలో చెప్పే కొలత అది. ఇవాళ "ముష్టి పది రూపాయలు" అంటాం, "ముష్టి మొహం" అంటాం. ఇవ్వడానికి చేయి చాపిన మనిషి పిడికిలిని చెప్పే మాట, అడిగినవాడి మొహాన కొట్టే మాట అయింది. నా ముందు ఎవరైనా ఈ తిట్టు వాడితే నేను ఊరుకోను. పెద్దవాళ్లయినా సరే, పిల్లలయినా సరే, ఆపి చెబుతాను.

మన భాషలో చేతితో కొలిచే మాటలు ఎన్ని ఉన్నాయో చూడండి. చిటికెడు ఉప్పు, పిడికెడు అటుకులు, గుప్పెడు శనగలు, చారెడు నూకలు, దోసెడు బియ్యం, పట్టెడన్నం. సోలా తవ్వా మానికా దుకాణాల కొలతలు. గుమ్మం దగ్గర ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యే కొలత. చెయ్యి చిన్నదైతే కొలత చిన్నది, మనసు పెద్దదైతే పిడికిలి వదులుగా మారి చారెడవుతుంది. అమ్మ రోజూ పొద్దున వంటకు బియ్యం కొలవగానే, ఎసట్లో పోయడానికి ముందే, ఒక పిడికెడు తీసి పక్కనున్న మూకుడులో వేసేది. ఇంట్లో ఎవరికీ ఆకలి తెలియక ముందే తీసి పెట్టిన ఆ బియ్యం గుమ్మం ముందుకు వచ్చేవాళ్లది. ఏ రోజైనా ఎవరూ రాకపోతే మర్నాటి పిడికెడు దానిలోనే చేరేది గాని, తిరిగి డబ్బాలోకి పోయేది కాదు.

ఆ మూకుడు ధనుర్మాసంలో తెల్లవారుజామునే ఖాళీ అయ్యేది. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా హరిదాసు వచ్చేవాడు. మంచులో ముందు గజ్జెల చప్పుడు, తర్వాత చిడతలు, ఆ తర్వాత "హరిలో రంగ హరి" అనే గొంతు. మనిషి కనిపించేసరికి మేము బియ్యం పళ్లెంతో గుమ్మంలో ఉండేవాళ్లం. తలమీద గుమ్మడికాయ ఆకారంలో రాగి పాత్ర, దాన్ని అక్షయపాత్ర అనేవారు. దాని చుట్టూ బంతిపూల దండ, ముందు తిరునామం. భుజాన తంబూర, ఒంటి మీద పట్టు పంచె, మెడలో పూసలు. పాత్ర తల మీద ఉన్నంతసేపు కీర్తన తప్ప మరో మాట ఆడడు, ఊరంతా తిరిగి ఇల్లు చేరేదాకా దాన్ని దించడు. కాబట్టి ఆయన నోరు తెరిచి ఏదీ అడగడు. మేము కూడా ఆయనను అడుక్కునేవాడు అని ఎప్పుడూ అనలేదు.

పెద్దవాళ్లు పోయరు, పిల్లల చేతనే పోయిస్తారు. మా ముగ్గురిలో ఎవరి వంతు అయితే వాళ్లు పళ్లెం పట్టుకుని ముందుకు వెళ్లాలి. హరిదాసు పాట ఆపకుండానే ఒక మోకాలు ముగ్గు పక్కన నేల మీద ఆన్చి, నడుము నిటారుగా ఉంచి, మెడ ఒక్క వెంట్రుకవాసి కూడా కదపకుండా కిందికి దిగేవాడు. అప్పుడు ఆ పాత్ర మూతి సరిగ్గా నా గడ్డానికి ఎదురుగా వచ్చేది. మొదటి ఇళ్లలో మాది ఒకటి కావడంతో లోపల బియ్యం అడుగునే ఉండేవి. నా గుప్పిట్లోంచి జారిన గింజలు రాగి మీద చిటపటమని రాలేవి. రెండో గుప్పెడుకు ఆ చప్పుడు మెత్తబడేది. ఆయన నుదుటి మీద చలిలోనూ చెమట బొట్లు ఉండేవి, మెడ నరాలు ఉబ్బి కనిపించేవి. పోయడం అయ్యాక "కృష్ణార్పణం" అని లేచేవాడు. లేచేటప్పుడు గజ్జెలు ఒక్కసారి ఘల్లుమనేవి. సంక్రాంతి నాటికి గుప్పెళ్లతో సరిపెట్టేవాళ్లం కాదు. బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు, మిరపకాయలు చేటలో పెట్టి స్వయంపాకం ఇచ్చేవాళ్లు. నాన్న ఒక కొత్త పంచె పెట్టేవారు. తీసుకునేవాడు వంగి దండం పెట్టే బదులు, ఇచ్చిన మేమే ఆయనకు దండం పెట్టేవాళ్లం.

ఆ నెలంతా వీధి ఖాళీగా ఉండేది కాదు. చీకటి ఉండగానే బుడబుక్కలవాడు "అంబ పలుకు, జగదంబ పలుకు" అంటూ డమరువంత వాయిద్యం మోగించి జోస్యం చెప్పి పోయేవాడు. గంగిరెద్దు సన్నాయి చప్పుడుకు గుమ్మం ముందు మోకాళ్లు వంచి "అమ్మగారికి దండం పెట్టు" అంటే తల ఊపేది. దాని వీపు మీద ఊళ్లో పాత చీరలన్నీ ఉండేవి. జంగమదేవర గంట వాయించి శంఖం ఊదేవాడు. వీళ్లందరిలో మాకు ఇష్టమైనవాడు కొమ్మదాసరి. చెట్టు కొమ్మ ఎక్కి కూర్చుని, "పడతాను, పడిపోతాను" అని అరిచేవాడు. పడవద్దని పిల్లలం ఏడుపు మొహాలతో లోపలికి పరుగెత్తి బియ్యమో డబ్బులో తెచ్చేదాకా దిగేవాడు కాదు. వీళ్లలో ప్రతివాడికీ ఒక వేషం, ఒక వాయిద్యం, ఒక రాగం, ఒక వేళ ఉన్నాయి. ఒకరి వేళలో ఇంకొకరు వచ్చేవారు కాదు. ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం అది, వాళ్లు పాటో మాటో ఇస్తున్నారు, మేము గింజలిస్తున్నాం.

ఇలా చెప్పుకుంటూ పోతే ఆ రోజులన్నీ బంగారమే అనిపిస్తాయి. అవి బంగారు రోజులని నేను అనను. మా వీధికి ఒక పెద్దాయన యాయవారానికి వచ్చేవారు. తడి పంచె, చేతిలో ఇత్తడి చెంబు. ఆ రోజు తిథి, వారం, నక్షత్రం చెప్పి నిలబడేవారు. ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, 'గారు' అని పిలిచి బియ్యం పోసేవాళ్లు. మధ్యాహ్నం వచ్చే మాదాకవళం అవ్వకు అరుగు మీద చోటు లేదు. ఆమె గేటు బయటే నిలబడాలి. అన్నం ఆమె సత్తు గిన్నెలో పై నుంచి వేసేవారు, గరిట గిన్నెకు తగలకూడదు. ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. అరవై దాటిన ఆమెను పిల్లలు కూడా నువ్వు అనేవాళ్లు. ఆకలి ఇద్దరిదీ ఒకటే, వచ్చిన గుమ్మం ఒకటే, చేసిన పనీ ఒకటే. ఒకరిది యాయవారం అయింది, ఇంకొకరిది ముష్టి అయింది.

యాయవారం అన్న మాటకు మూలం యాయావర, ఎప్పుడూ తిరుగుతూ ఉండేవాడు అని. కావ్యమీమాంస రాసిన రాజశేఖరుడు తన వంశం పేరు అదేనని ఘనంగా చెప్పుకున్నాడు. మధూకరం అంటే తేనెటీగ పద్ధతి, పువ్వు నలగకుండా ఇంటింటా కాస్త కాస్త వండిన అన్నం ఎత్తుకోవడం. ఉంఛవృత్తి అంటే కోత అయ్యాక పొలంలో రాలిన గింజలు ఏరుకుని బతకడం. మన రైతులు దాన్ని పరిగె ఏరుకోవడం అంటారు. తిరువైయారులో త్యాగరాజస్వామి రాజాస్థానానికి వెళ్లకుండా, రాముడి కీర్తనలు పాడుతూ వీధుల్లో ఉంఛవృత్తి చేసుకుని బతికాడు. ఆయన ఆరాధనోత్సవాల్లో ఇప్పటికీ పెద్ద పెద్ద విద్వాంసులు చెంబు పట్టుకుని ఆ వీధుల్లో పాడుతూ నడుస్తారు. ఇవన్నీ గౌరవం నిండిన పేర్లు. మాదాకవళం కూడా ఆ వరుసలో ఉండవలసిన మాటే. పలికిన నోరు పేదది కావడం తప్ప దానిలో లోటేమీ లేదు.

మొక్కు అయితే ఉన్నవాళ్లూ అడుగుతారు. మా అత్తవారిది చిత్తూరు జిల్లా. పెళ్లయిన కొత్తలో ఒక శనివారం పొద్దున మా మామగారు నామం పెట్టుకుని, చెంబుకు కూడా నామం పెట్టి, పిల్లలను వెంటబెట్టుకుని "గోవిందా" అంటూ వీధి వెంట బయలుదేరారు. పది ఎకరాల మాగాణి ఉన్న మనిషి. ఊళ్లో అందరూ నవ్వుమొహాలతో వచ్చి బియ్యం పోశారు. ఆ బియ్యంతోనే స్వామికి తళిగ, అంటే నైవేద్యం, వేశారు. సొంత బియ్యంతో వేస్తే మొక్కు చెల్లదట. అడిగి తెచ్చినవే కావాలి. పీర్ల పండుగకు ఫకీరు అయ్యే మొక్కు కూడా ఇలాంటిదే. హిందువుల ఇళ్లలోనూ పిల్లవాడి ఆరోగ్యం కోసం మొక్కుకుని, మెడలో దారం వేసి, ఐదిళ్లు అడిగించేవాళ్లు.

బ్యాంకు ఉద్యోగం నన్ను వరంగల్ వైపు తీసుకువెళ్లింది. అక్కడ నాతో పనిచేసిన ఒకాయన పేరు భిక్షపతి. ఈ పేరు, దానితో పాటు భిక్షమయ్య, బిచ్చయ్య, బిచ్చమ్మ అనే పేర్లు అక్కడ ఇంటింటా వినిపించేవి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను ఎత్తుకుని తల్లి ఐదిళ్లు తిరిగి బియ్యమో పాత గుడ్డో అడిగి తెచ్చి, ఈ బిడ్డ నాది కాదు, ఊరు నాకు పెట్టిన భిక్ష అని ఆ పేరు పెడుతుంది. నాది అంటే తీసుకుపోయే మృత్యువు, ఊరిదంటే వదిలేస్తుందని నమ్మకం. "మా అమ్మ నన్ను అడుక్కుని తెచ్చుకుంది సార్" అని ఆయన ఎంతో గర్వంగా చెప్పేవాడు.

అక్కడే ఒక ఊళ్లో రాత్రి పటం కథ చూశాను. చేర్యాల బొమ్మల పొడవాటి పటాన్ని కర్రలకు కట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ కథ చెబుతున్నారు. ఒక్కొక్క కులానికి ఆ కులపురాణం చెప్పే ఆశ్రిత కులం ఉంటుంది: మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు, పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయుడి కథ చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు. వీళ్లు తమ దాతృకులం దగ్గర తప్ప మరొకరి దగ్గర చెయ్యి చాపరు. ఏ ఊరు ఎవరిదో వాళ్లలో వాళ్లకు పంపకాలు ఉంటాయి, ఆ ఊళ్లో వంతు తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. దాన్ని మిరాశి అంటారు. కథ ముగిశాక ఆ పెద్దాయన పటం చుట్టి పెడుతూ, "మేము అడుక్కోం బిడ్డా, మా త్యాగం మేము తీసుకుపోతం" అన్నాడు. త్యాగం అంటే వాళ్లకు చెల్లవలసిన కట్టడి, ఏటేటా ఇచ్చే భాగం. ఇవ్వకపోతే కథ ఆపి నిలదీసే హక్కు కూడా వాళ్లకు ఉంది. డక్కలివారి కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిందని తెలిసినప్పుడు నాకు ఆ రాత్రి, ఆ పెద్దాయన తలెత్తి చెప్పిన మాట గుర్తుకు వచ్చాయి.

చట్టానికి ఈ తేడాలు పట్టవు. 1959 నాటి బొంబాయి యాచక నిరోధక చట్టం పాట, నాట్యం, జోస్యం, ప్రదర్శన చేసి డబ్బు అడగడాన్ని కూడా యాచన కిందే రాసింది. హరిదాసు, బుడబుక్కలవాడు, గంగిరెద్దు, సోదెమ్మ, అందరూ ఆ ఒక్క వాక్యంలో పడిపోతారు. ఆ చట్టాన్నే ఢిల్లీలోనూ అమలు చేశారు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు అందులో యాచనను నేరంగా చూసే సెక్షన్లను అక్కడ కొట్టివేసింది. మనకూ 1977లో ఇలాంటి చట్టం వచ్చింది. అదే 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేస్తే, ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. వాళ్ల జోలెలో గాజులు, ఉంగరాలు వేసినవాళ్లను నేను ఎరుగుదును. ఎవరి కోసం అడుగుతున్నామన్నది మారితే చాలు, జోలె అంత గొప్ప మాట అవుతుంది. తన కడుపు కోసం అడిగినవాడికి మాత్రం ఎందుకంత చులకన దక్కాలో నాకు బోధపడదు.

మా ప్రాంతంలోనే, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఉండేవారు. 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయ దాటి ఏ వేళకు ఎవరు వచ్చినా, కులం అడగకుండా, ఊరు అడగకుండా ఆవిడ అన్నం పెట్టేవారు. ఆ గుమ్మం ముందు మాదాకవళం అనే అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు గన్నవరం దగ్గర అక్విడక్టుకు ఆవిడ పేరే, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. పన్నెండు గంటలకు బడి గంట కొట్టగానే పిల్లలు ఎవరినీ అడగకుండా కంచాలు పట్టుకుని వరసగా కూర్చుంటారు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు మా తాతయ్య గుర్తుకు వస్తారు.

తాతయ్య రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. వారం అంటే ఒక్కొక్క ఇంట వారంలో ఒక్కొక్క రోజు భోజనం. ఏడిళ్లు ఒప్పుకుంటే చదువు సాగుతుంది, ఏ ఇల్లయినా తప్పితే ఆ రోజు పస్తు. ఈ మాట చదువుకునే పిల్లలకే వాడేవారు. దాన్ని ఎవరూ అడుక్కోవడం అనలేదు. కాని మొదటిసారి ఆ గుమ్మాల ముందు నిలబడి, తడారిపోయిన గొంతుతో "అమ్మా, నాకు ఒక వారం ఇస్తారా?" అని అడిగినది మాత్రం పదమూడేళ్ల పిల్లవాడే. తాతయ్య తొంభై ఏళ్ల వయసులో కూడా ఏ రోజు ఏ ఇల్లో, ఏ ఇంట ఏ కూరో చెప్పేవారు. సోమవారం ప్లీడరు గారిల్లు, అక్కడ అందరితో పాటు పంక్తిలో వేసేవారు. బుధవారం ఇంట వంటింటి గుమ్మం పక్కన విడిగా వేసేవారు, పులుసు రెండోసారి అడిగితే వినబడనట్టు ఉండేవారు. శనివారం ఇల్లు దొరకలేదు. ఆ రోజు కుళాయి నీళ్లు, వేయించిన శనగలు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉండేది, వింటున్న నాన్నమ్మే లేచి వెళ్లిపోయేది.

గురువారం ఇల్లు ఇన్నీసుపేటలో ఒక బడిపంతులు గారిది. వాళ్లకే గంపెడు సంసారం. అయినా ఆ ఇల్లాలు గురువారం ఎంత ఆలస్యమైనా తాతయ్య వచ్చేదాకా తను విస్తరి వేసుకునేది కాదు. పరీక్షల రోజుల్లో ఒక శనివారం పస్తు సంగతి ఆమెకు తెలిసిపోయింది. అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రమే ఆమె కొడుకు అరటాకులో పెరుగన్నం కట్టుకుని తాతయ్య గదికి తెచ్చేవాడు. తాతయ్య ఉద్యోగంలో చేరాక, మొదటి జీతంతో ఆమెకు చీర కొనిపెట్టారు. ఆ తర్వాత ఏటా వేసవిలో మా తోట కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు బుట్టలో గడ్డి వేసి, సర్దించి, బస్సు మీద ఆ ఇంటికి పంపేవారు. తాతయ్య పోయాక నాన్న పంపారు, ఇప్పుడు నేను పంపుతున్నాను. పంతులు గారి మునిమనవడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు, కాయలు అందగానే ఫోను చేస్తాడు. తాతయ్య పేరు వాళ్ల ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదట. వాళ్ల ముత్తమ్మ పిలిచినట్టే ఇప్పటికీ అందరూ 'గురువారం అబ్బాయి' అంటారట. మొన్న వేసవిలో ఫోను చేసి, "గురువారం అబ్బాయి గారి కాయలు అందాయండీ, ఈసారి రెండు మాత్రం కమిలాయి" అన్నాడు.